రెండు బ్రేకుల కారు

ఆ వారం నేను చేయాల్సిన పనులు ఇవి.

అమ్మ డయాలసిస్ చీటీ మీద డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోవాలి.
ఆ చీటీ చూపించి రోడ్డు మీద తిరగడానికి పాసుకు దరఖాస్తు పెట్టాలి.
ఏ పెట్టె అడుగునో పడి ఉన్న నా డ్రైవింగ్ లైసెన్సు వెతకాలి.
ఒక పాత కారు కొనాలి.
కారు నడపడం నేర్చుకోవాలి.
ఇదంతా అమ్మకు చెప్పాలి. కానీ దీనికి పైనున్న రెండు పనులూ ఏ వరసలో చేస్తున్నానో మాత్రం చెప్పకూడదు.

క్యాలెండరు కాగితం వెనక రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. చివరి వాక్యం దగ్గర కాగితం మడతపెట్టాను. అమ్మ చదవలేదు గానీ మడత చూసింది. "ఏం దాచావే అక్కడ?" అంది. "ఏం లేదమ్మా, కాగితం పొడుగెక్కువైంది" అన్నాను.

అమ్మ కిడ్నీలు పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో, ఆసుపత్రికి తీసుకెళ్లి మిషను మీద పడుకోబెడితే అది రక్తం కడిగి మళ్లీ ఒంట్లోకి పంపుతుంది. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండోసారి తప్పితే పడుకోలేదు, ఊపిరందదు. మూడోసారి సంగతి డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

కరోనా వచ్చి బస్సులు ఆగిపోయాయి. కొన్నాళ్లు ఆసుపత్రి వ్యాను ఇంటింటికీ తిరిగి రోగులను ఎక్కించుకుంది. తర్వాత వ్యాను డ్రైవరుకే జ్వరం వచ్చింది. అద్దెకార్ల వాళ్లు ఆసుపత్రి అనే మాట వినగానే ఫోను పెట్టేస్తున్నారు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అక్క, బావ వేరే ఊళ్లో ఉన్నారు, ఆ ఊరి పొలిమేర దాటనివ్వడం లేదు. కాబట్టి మిగిలింది నేను.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అమ్మ లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసి చదివించింది. అందుకని ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా, ఏ మిషను చెడినా, ఏ కష్టం వచ్చినా "చదువుకున్నదానివి కదా, చూడు" అంటారు. నేను చూస్తాను. నా ఉద్యోగం కూడా అలాంటిదే. వాషింగ్ మిషన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదులు వినడం. ఆఫీసు మూసేశాక వంటింట్లో బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని వినేదాన్ని. రోజంతా మనుషులు నాతో మాట్లాడతారు, కానీ ఒక్కరూ నన్ను ఎలా ఉన్నావని అడగరు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్ల మిషన్లు ఆగిపోయి ఉంటాయి.

కార్లు అమ్మే దుకాణాలన్నీ షట్టర్లు దించేశాయి. ఫోన్లో ప్రకటనలు వెతికితే అమ్ముతామన్నవాళ్లు చాలామంది చూపించడానికి ఒప్పుకోలేదు. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు. "వచ్చి చూసుకో తల్లీ. నేను మాత్రం కిందికి రాను. మా బిల్డింగులో ఒకరికి వచ్చిందని గేటుకు తాడు కట్టారు" అన్నాడు. ఆసుపత్రికి రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. నడుచుకుంటూ వెళ్లాను. దారిలో ఒక్క మనిషి కూడా ఎదురు కాలేదు. నా చెప్పుల చప్పుడు నాకే వింతగా వినిపించింది.

అది సన్నటి వీధి, చివర గోడ. కింద మూసిన షట్టరు, దాని మీద డ్రైవింగ్ స్కూలు బోర్డు. దాని పైన రెండో అంతస్తులో బాల్కనీ. బాల్కనీలో ముఖానికి తెల్లటి మాస్కు, భుజం మీద తువ్వాలు వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఒక గుడ్డసంచిలో తాళాలు వేసి తాడుతో కిందికి దించాడు. పసుపు రంగు చిన్న కారు షట్టరు ముందే ఉంది. ఎండకు రంగు వెలిసింది గానీ అద్దాలు తళతళలాడుతున్నాయి.

బావ వీడియోలో ఉన్నాడు. పాత కార్లు కొనేటప్పుడు తను లేకపోతే నిలువునా ముంచేస్తారని అక్కతో కూడా చెప్పించాడు.

"మరదలా, ముందు టైర్లు చూపించు."

"ఇవిగో బావా."

"అవి నీ చెప్పులు."

ఫోను తిప్పి పట్టుకున్నాను. టైర్ల గాడులు చూశాడు, డోరు వేసి తీయమన్నాడు, బానెట్ ఎత్తించి లోపల ఏదో ఒకటి చూపించమన్నాడు. అది ఏమిటో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదని ఆయన ఊఁ కొట్టిన తీరును బట్టి అర్థమైంది.

పైనుంచి పెద్దాయన అడిగాడు. "ఫోన్లో ఎవరమ్మా?"

"మా బావ అండీ. ఆయనకు బళ్ల గురించి తెలుసు."

"ఆయనకు కారుందా?"

"లేదండీ. రెండు చక్రాల బండి."

"అయితే సగమే చూడమను."

బావ విన్నాడు. "ఆ ముసలాయన మాటకారి, జాగ్రత్త" అన్నాడు. అప్పుడే నా ఫోను పక్క సీటు ముందు కిందికి తిరిగింది. "ఆగాగు. అక్కడ పెడల్సేంటి? పక్క సీటుకు కూడానా? ఇదేం కారు, రెండు తలల పాము?"

నిజమే. డ్రైవరు కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్క సీటు కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉన్నాయి. వాటి మీది రబ్బరు అరిగి ఇనుము నున్నగా మెరుస్తోంది.

"స్కూలు కారు కదమ్మా" అన్నాడు పైనుంచి. "స్టూడెంటు తడబడితే మాస్టారు తొక్కాలి. అమ్మేటప్పుడు తీసేయాలి, కానీ మెకానిక్ షెడ్డు మూసేశాడు. అవి మాత్రం నీకు అమ్మడం లేదు. అప్పిస్తున్నాను. కార్లు మారాయి గానీ నేను చేయించుకున్న పెడల్స్ మారలేదు. షెడ్డు తెరిచాక తీయించి నాకు తెచ్చివ్వాలి. మళ్లీ ఒక కారు కొంటాను కదా, దానికి కావాలి."

"మీరు ఇప్పుడు ఎందుకు అమ్ముతున్నారండీ?"

"ఇద్దరు పక్కపక్కన కూర్చోకూడదన్నారు కదమ్మా. నా పనే అది."

తర్వాత ఆయన స్టార్టు చేయమన్నాడు. చేశాను. కదిలించమన్నాడు. కారు ముందుకు ఒక గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ గెంతింది. బావ ఫోన్లో "ఇంజను పోయింది, వద్దు వద్దు" అని అరుస్తున్నాడు.

"లైసెన్సుందన్నావు?" అన్నాడు పెద్దాయన.

"ఉందండీ. ఉద్యోగం ప్రకటనలో అడిగారని అప్పట్లో వేరే స్కూల్లో నేర్చుకున్నాను. బాగానే నడిపేదాన్ని."

"నువ్వు నడపలేదు తల్లీ. ఆ స్కూలాయన పక్కనుంచి తొక్కుతూ ఉండి ఉంటాడు. ఆ లైసెన్సు ఆయన కాళ్లది."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాస్కు ఉండబట్టి ఆయనకు కనిపించలేదనుకున్నాను. అమ్మ సంగతి చెప్పాను. సోమవారం లోపల ఎలాగైనా నడపాలన్నాను. ఆయన బాల్కనీ ఊచల మీద ఆనుకుని కిందికి వంగాడు.

"సరే, ఏడవకు. నీ బావను పెట్టేయమని, నా నంబరు కలిపి ఫోను డాష్‌బోర్డు మీద పెట్టు. ముందు క్లచ్ పూర్తిగా తొక్కు. ఇప్పుడు పాలగిన్నె దించినట్టు వదులు. నీ పాలు కాదు, పక్కింటివాళ్ల పాలనుకో. జాగ్రత్తగా వదులుతావు."

ఆ రోజు నుంచి నేను ఆయన్ను మాస్టారూ అనే పిలిచాను.

శని, ఆదివారాలు పొద్దుటి నుంచి ఎండెక్కేదాకా ఆ వీధిలోనే తిరిగాను. ముందుకు, వెనక్కి. గోడ దాకా, మలుపు దాకా. మాస్టారు పైనుంచి చూస్తూ ఫోన్లో చెప్పేవాడు. ఆయనకు నా చేతులు, కాళ్లు కనపడవు, కారు కప్పు మాత్రమే కనపడుతుంది. అయినా "గేరు మీంచి చెయ్యి తీయమ్మా, అది నీ సొంత మేనత్త కాదు పట్టుకు కూర్చోవడానికి" అనేవాడు. ఎలా తెలిసేదో.

సోమవారం అమ్మను పక్క సీట్లో కూర్చోబెట్టాను. వెనక కూర్చుంటే వాంతి వస్తుందంది. బయల్దేరే ముందు మాస్టారు ఫోన్లో ఆమెకు వేరే క్లాసు తీసుకున్నాడు.

"అక్కగారూ, మీ కాళ్ల దగ్గర బ్రేకుంది. దాని మీద కాలు పెట్టకండి. అలాగని మరీ దూరంగానూ పెట్టకండి."

"మరి ఎక్కడ పెట్టమంటారు మాస్టారుగారూ?"

"భయం వేస్తే అందేంత దూరంలో."

"నాకిప్పుడే వేస్తోందండీ."

దారి పొడవునా అమ్మకు వేస్తూనే ఉంది. ఫుట్‌పాత్ మీద కుక్క పడుకుని ఉంటే బ్రేకు వేసింది. "అమ్మా, అది అవతల ఉంది" అంటే "దానికి ఇటు రావాలనిపిస్తే?" అంది. గాలికి ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరితే బ్రేకు వేసింది. కూడలిలో పోలీసు ఇంకా చెయ్యెత్తనే లేదు, కారు సరిగ్గా ఆయన బూట్ల ముందు ఆగింది. ఆయన ఉలిక్కిపడి పాసు అడిగాడు, చూశాడు, వంగి లోపలికి తొంగి చూశాడు.

"ఎవరమ్మా నడిపేది?"

"ఇద్దరం" అంది అమ్మ.

ఆసుపత్రిలోకి తోడు వచ్చినవాళ్లను రానివ్వడం లేదు. గేటు దగ్గర నర్సు వచ్చి అమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్లేది. మిషను పని పూర్తయ్యేదాకా బయట ఉండాలి. ఇంటికెళ్లి రావడానికి నాకు ధైర్యం లేదు. అందుకని మాస్టారి వీధికి వెళ్లేదాన్ని. అక్కడ గోడ నీడలో కారు ఆపి కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని ఫిర్యాదులు వినేదాన్ని. మధ్యలో విరామం వచ్చినప్పుడల్లా క్లాసు. వెనక్కి నడపడం, గోడకు ఆనించి ఆపడం, హ్యాండ్ బ్రేకు పట్టుకుని కదలడం.

"మనకు ఇక్కడ ఎత్తు రోడ్డు లేదు కదా మాస్టారూ, ఇదెందుకు?" అన్నాను.

"రోడ్లన్నీ మా వీధిలాగే ఉంటాయనుకోకు. ఎత్తు మీద ఆగిన కారు వెనక్కి జారాలని చూస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి పెట్టు. క్లచ్ వదులుతుంటే ముందు భాగం కొంచెం లేస్తుంది చూడు, లేవబోయే ఆవులాగ. అప్పుడు వదలాలి బ్రేకు. ముందూ కాదు, వెనకా కాదు."

పాఠం అయ్యాక ఆయన ఫోను పెట్టేవాడు కాదు. బానెట్ ఎత్తి ఇంజను ఆన్ చేయమనేవాడు. పైనుంచి చెవి పెట్టి వినేవాడు. "ఏదో శబ్దం వస్తోందమ్మా. బుధవారం మళ్లీ ఒకసారి విందాం." బుధవారం విని శుక్రవారం మళ్లీ విందామనేవాడు. నాకు కంగారు పుట్టి అమ్మతో చెప్పాను.

"కారుకు ఏ జబ్బూ లేదే పిచ్చిదానా. ఆయనకే పొద్దుపోవడం లేదు" అంది అమ్మ. కాస్త ఆగి, "అయినా వెళ్లి వినిపించు" అంది.

నాకూ పొద్దుపోవడం లేదని అమ్మకు చెప్పలేదు. ఇంట్లో ఆమె ఒక గదిలో, నేను వంటింట్లో. ఆమెకు ఏమీ అంటకూడదని దూరంగానే కూర్చుని తినేదాన్ని. అక్క ఫోను చేస్తే పిల్లల గోల మధ్య "అంతా బాగానే ఉందా, ఉంటా" అని పెట్టేసేది. నేను ఎవరికైనా నాలుగు మాటలు వరసగా చెప్పేది ఆ వీధిలోనే. మాస్టారు భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. ఆయన చెప్పేవన్నీ స్టూడెంట్ల కథలే. గేరు మారుస్తూ దేవుడి దండకం చదివే లెక్కల టీచరు, పెళ్లిచూపులకు కారు నడిపి చూపించాలని నేర్చుకుని ఆ సంబంధం వాళ్ల గేటుకే గుద్దిన కుర్రాడు, భర్తకు చెప్పకుండా నేర్చుకుని ఒకరోజు ఆయన్నే ఆఫీసు నుంచి ఎక్కించుకొచ్చిన ఆవిడ. ఎవరి పేరూ చెప్పేవాడు కాదు. అందరూ ఒక వరసలో కూర్చుని ఆయన ముందు ఉన్నట్టే చెప్పేవాడు.

"మీ స్కూల్లో పరీక్ష ఎలా పెట్టేవారు మాస్టారూ?" అని ఒకరోజు అడిగాను.

"పరీక్ష గవర్నమెంటుది. నాది వేరే. స్టూడెంటుకు చెప్పను. రద్దీలో నడుపుతూ ఉండగా నా రెండు కాళ్లూ పైకి తీసుకుని సీట్లో మఠం వేసుకుని కూర్చుంటాను. ఇక నేను తొక్కలేను కదా. వాళ్లు కాసేపటికి ఇటు చూస్తారు. 'అయ్యో మాస్టారూ, కాళ్లు!' అంటారు. అప్పటికే నాలుగు వీధులు దాటి ఉంటాం. అంతే, పాసు."

"నా పరీక్ష ఎప్పుడు?"

ఆయన నవ్వాడు. మాస్కు వెనక నవ్వు ఫోన్లో గరగరమని వినిపించింది. "బాల్కనీలో మఠం వేసుకుంటే నీకేం తెలుస్తుంది? ఇదంతా పోనీ. పక్కన కూర్చుంటాను కదా."

అమ్మ బ్రేకు వేయడం తగ్గించింది. నేను వెనక్కి నడపగలుగుతున్నాను. బిల్డింగు గేటుకు కట్టిన తాడు తీసేశారు. కానీ మాస్టారు వయసును బట్టి కిందికి రావడం లేదు, సరుకులు తాడుతోనే పైకి లాక్కుంటున్నాడు. అలా వేసవి గడిచిపోయింది.

ఒక శుక్రవారం అమ్మను లోపలికి పంపి వీధిలోకి వచ్చేసరికి బాల్కనీలో ఎవరూ లేరు. తలుపు మూసి ఉంది. తీగ మీద బుధవారం నాటి తువ్వాలు అలాగే ఉంది. హారను కొట్టాను. ఫోను చేస్తే చాలాసేపటికి ఎత్తాడు.

"ఇవాళ క్లాసు లేదమ్మా."

"ఒంట్లో బాగాలేదా మాస్టారూ?"

"కొంచెం ఆయాసం." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "నిన్నటి నుంచి."

"అంబులెన్సుకు చేశారా?"

"చేశాను. వరసలో ఉన్నానట. సంగీతం వినిపిస్తున్నారు. బాగానే ఉంది."

"కిందికి రండి. నేను తీసుకెళ్తాను."

"వద్దు తల్లీ." ఈసారి గట్టిగానే అన్నాడు. "ఆ సీట్లో మీ అమ్మ కూర్చోవాలి. ఆమెకు అంటితే తట్టుకోలేదు. నువ్వు వెళ్లు. అద్దాలు కూడా ఎత్తేసుకో."

ఆయన అన్నది నిజం. ఆ కారు కొన్నది అమ్మ కోసం. నేను ఆరోగ్యంగా ఉండాల్సింది అమ్మ కోసం. నాకు జ్వరం వస్తే ఆమెను మిషను దగ్గరికి చేర్చేవాళ్లు లేరు. అమ్మకు ఫోను చేశాను. మిషను మీద ఉన్నప్పుడు ఒక చెయ్యి కదపకూడదు, రెండో చేత్తో ఎత్తింది. చెప్పాను.

"నన్ను అడగడానికి చేశావా, నేను వద్దంటే మానేయడానికి చేశావా?"

"అడగడానికే అమ్మా."

"అయితే ఫోను పెట్టు, టైము పోతుంది. ఇకనుంచి నేను వెనక సీట్లో కూర్చుంటా. వాంతి వస్తే వస్తుంది."

మాస్టారిని ఒప్పించడానికి "మీరు కిందికి రాకపోతే నేను పైకి వస్తాను" అన్నాను. మెట్ల మీద కూర్చుని లేస్తూ, కూర్చుని లేస్తూ వచ్చాడు. నేను ఆయన్ను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. పైనుంచి పొడుగ్గా కనిపించేవాడు. నిజానికి నా భుజం దాకా కూడా రాడు. చేతిలో ఒక సంచి, అందులో పంచె, మందులు.

"వెనక కూర్చోండి మాస్టారూ, పడుకోవచ్చు."

"నాకు వెనక కూర్చోవడం చేతకాదమ్మా" అని ముందు తలుపు తీసుకుని తన సీట్లో కూర్చున్నాడు. నాలుగు అద్దాలూ దించాను. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు, తన గాలి నాకు తగలకూడదని.

ఆయాసం ఉన్నవాళ్లను చేర్చుకునే ఆసుపత్రి ఊరికి ఆ చివర. అక్కడికి వెళ్లాలంటే రైలు పట్టాల మీది వంతెన ఎక్కాలి. నేను ఆ వంతెన వైపు ఎప్పుడూ వెళ్లలేదు. మాట్లాడితే ఆయనకు ఆయాసమని నేను ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. పాఠం చెప్పే గొంతు పక్కనే ఉండి మౌనంగా ఉంటే రోడ్డు మరీ వెడల్పుగా కనిపించింది. మూసిన దుకాణాలు, ఖాళీ బస్టాపులు, వాటి మీద వెలిసిపోయిన సినిమా పోస్టర్లు.

వంతెన సగం ఎక్కాక ఇనప కంచె అడ్డంగా పెట్టి ఉంది. పోలీసు చెయ్యెత్తాడు. ఎత్తు మీద ఆపాను. పాసు చూపించాను. ఆయన మాస్టారిని చూసి రెండడుగులు వెనక్కి వేసి పొమ్మని చెయ్యి ఊపాడు. అప్పుడు అద్దంలో చూస్తే నా వెనక ఒక అంబులెన్సు, నా బంపరుకు ఆనుకున్నట్టే నిలబడి ఉంది. బ్రేకు మీంచి కాలు తీశాను. కారు వెనక్కి జారింది.

"మాస్టారూ, బ్రేకు! మీది తొక్కండి!"

పక్కకు చూశాను.

ఆయన రెండు కాళ్లూ సీటు మీదికి తీసుకుని మఠం వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్లు ఒకటి తలుపుకు, ఒకటి గేరుకు ఆనుతున్నాయి. చెప్పులు కింద, పెడల్స్ పక్కన, జతగా పెట్టి ఉన్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎప్పుడు ముడుచుకున్నాడో నేను చూడలేదు. కళ్లు మాత్రం ఇటే ఉన్నాయి, నవ్వుతున్నాయి.

హ్యాండ్ బ్రేకు లాగాను. కారు ఆగింది. క్లచ్ మెల్లగా వదిలాను. ముందు భాగం లేచింది. బ్రేకు వదిలాను. కారు పైకి కదిలింది. వంతెన దాటాక ఆయన ఒక్క మాట అన్నాడు. "మనం కారెక్కినప్పటి నుంచీ ఇలాగే ఉన్నాను."

ఆసుపత్రి గేటు దగ్గర నిలువెల్లా ప్లాస్టిక్ తొడుగు వేసుకున్న ఒకాయన వచ్చి వివరాలు రాసుకున్నాడు. "ఈవిడ మీకేం అవుతుంది?" అని మాస్టారిని అడిగాడు.

"స్టూడెంటు" అన్నాడు మాస్టారు. ఊపిరి తీసుకుని, "పాసైంది" అన్నాడు.

సంచి అందుకుని లోపలికి నడిచాడు. గాజు తలుపు దాటాక వెనక్కి తిరిగి చేత్తో ఏదో సైగ చేశాడు. వెళ్లమనో, అద్దాలు దించే ఉంచమనో తెలియలేదు.

నేను తిరిగొచ్చేసరికి అమ్మ డయాలసిస్ ఆసుపత్రి గేటు బయట కుర్చీలో ఒక్కతే ఉంది. మిగతా రోగులంతా వెళ్లిపోయారు. చేతికి పట్టీ, ఒళ్లో మందుల కవరు.

"చేర్చావా?"

"చేర్చాను."

"ఒక్కదానివే నడిపావా?"

"ఒక్కదాన్నే అమ్మా."

అమ్మ వెనక తలుపు వైపు నడిచింది. కారంతా సబ్బునీళ్లతో తుడిచే తెచ్చాను. అయినా ఆ రోజు నుంచి ఆమె వెనకే కూర్చుంది. ఇంట్లో కూడా నేను తలుపు అవతలే ఉండి ఆమెకు కంచం జరిపేదాన్ని. మాకు ఇద్దరికీ ఏమీ కాలేదు. కానీ నా పక్క సీటు చాలాకాలం ఖాళీగా ఉంది. ఎవరూ తొక్కని ఆ రెండు పెడల్స్ వైపు మలుపుల దగ్గర నా కళ్లు పోయేవి.

మాస్టారు మొదటి రెండు రోజులు ఫోను ఎత్తాడు. ముక్కుకు గొట్టం పెట్టారన్నాడు. "శబ్దం ఎలా ఉంది?" అని అడిగాడు. కారు సంగతని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. "ఇంకా వస్తోంది మాస్టారూ. మీరొచ్చి వినాలి" అన్నాను. తర్వాత ఫోను మోగి మోగి ఆగిపోయేది. ఆసుపత్రికి చేస్తే, "మీరు ఆయనకేం అవుతారు?" అని అడిగారు. కాగితం మీద ఉన్నదే చెప్పాను. "బంధువులకే చెబుతాం అమ్మా" అన్నారు. వాళ్లు మర్యాదగానే చెప్పారు. రోజంతా నేనూ అలాగే చెబుతాను, మా రూలు ఇది, క్షమించండి అని.

అయినా అమ్మను దింపాక ఆ వీధికే వెళ్లేదాన్ని. బానెట్ ఎత్తి ఇంజను ఆన్ చేసి నిలబడేదాన్ని. ఎందుకో అడిగితే చెప్పలేను. ఒకరోజు తీగ మీద తువ్వాలు లేదు. బాల్కనీలో చేతులకు గ్లౌజులు వేసుకున్న ఒక నడివయసు మనిషి అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాడు. మాస్టారి తమ్ముడి కొడుకట.

"పెదనాన్న పోయిన వారమే పోయారండీ. మమ్మల్నీ చూడనివ్వలేదు" అన్నాడు పైనుంచి. "మీరు?"

"ఈ కారు కొన్నదాన్ని. ఆయన పెడల్స్ నా దగ్గరున్నాయి. తిరిగి ఇవ్వాలి."

"ఏం పెడల్స్?"

వివరించాను. ఆయన ఊచల మీద చేతులు పెట్టి విన్నాడు. "నాకు నడపడం రాదండీ. మీరే ఉంచుకోండి" అన్నాడు. ఏదో గుర్తొచ్చి లోపలికి వెళ్లి, ఒక ఫోటో సంచిలో పెట్టి తాడుతో దించాడు. స్కూలు తెరిచిన రోజుది కావచ్చు. షట్టరు ముందు కొత్త కారు, దాని పక్కన మాస్టారు. మాస్టారికి దట్టమైన మీసం ఉండేదని నాకు అప్పుడే తెలిసింది.

షెడ్డు తెరిచాక మెకానిక్ పక్క సీటు కింద తల పెట్టి చూసి, "ఇవి తీసేయాలి కదా మేడం?" అన్నాడు. తీయాలి, రూలు అదే. రూలు తప్పడం నాకు అలవాటు లేదు. తీయించాను. పాత చీర ముక్కలో చుట్టి డిక్కీలో పెట్టాను. ఎవరికి తిరిగివ్వాలో ఇంకా తెలియలేదు. ఆ సాయంత్రం అమ్మ వెనక తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు వచ్చి నా పక్కన కూర్చుంది. కాళ్లు ముడుచుకోలేదు, ఆమె మోకాళ్లు వంగవు. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టి, పాదాలు సీటు కిందికి లాక్కుంది. "పోనీయ్" అంది.

ఇది చదివేవాళ్లలో మాస్టారి స్టూడెంట్లు తప్పకుండా ఉంటారు. ఆ లెక్కల టీచరు, గేటుకు గుద్దిన కుర్రాడు, భర్తను ఆఫీసు నుంచి ఎక్కించుకొచ్చిన ఆవిడ. పక్క సీట్లో ఒక పొట్టి మనిషి కాళ్లు పైకి తీసుకుని కూర్చోవడం ఎప్పుడో చూసి మీరు అదిరిపడి ఉంటే, ఆయనే మా మాస్టారు. ఆయన పోయినప్పుడు పక్కన ఎవరూ లేరు. మీరు ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు, కారు వెనక్కి జారకుండా నిలిచిన ఆ ఒక్క క్షణం, ఆయన్ను తలుచుకోండి. ఆయన స్టూడెంట్లు కాకపోయినా సరే, తలుచుకోండి.